ఎన్నారై సందేహాలు: కోపం వెనుక ఉన్నదేమిటో ముందు గుర్తించండి

అనంతపురం జిల్లా నుంచి అమెరికాకు వచ్చి ఏడాది తిరగని ఒక సోదరుడు మూడు సంగతులు కలిపి ఒకే సందేహంగా అడిగారు. ఆఫీసులో మేనేజరు ఏనాడూ గట్టిగా ఒక మాట అనకపోయినా పనితీరు సమీక్షలో మాత్రం అసంతృప్తి వ్యక్తం చేశారట, ఇంట్లో భార్యతో చిన్న విషయానికే మాటా మాటా పెరుగుతోందట, ఊళ్ళో ఉన్న నాన్నతో ఫోను రెండు నిమిషాలకు మించి సాగడం లేదట. ఇంగ్లీషు మెరుగుపరచుకుంటే సరిపోతుందా అన్నది ఆయన ప్రశ్న. భార్యతోనూ తండ్రితోనూ మాట్లాడేది తెలుగే కదా. మూడు చోట్లా జరుగుతున్నది ఒకటేనని నా అభిప్రాయం: మనసులో ఏం పుట్టిందో తెలుసుకోకముందే మాట బయటికి వస్తోంది, లేదా లోపలే ఉండిపోతోంది.

కొత్తగా వచ్చినవారి కోపం వెనుక నాకు ఎక్కువగా కనిపించేది భయం. హెచ్‌-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, సాధారణంగా గరిష్ఠంగా 60 రోజులలోపు మరో కంపెనీని చూసుకోవాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. ఆ లెక్క తలలో తిరుగుతున్నప్పుడు సహోద్యోగి మీ కోడు చూసి "ఇది ఎందుకిలా రాశారు?" అని అడిగితే మామూలు ప్రశ్నగా వినిపించదు. ఛాతీ బిగుసుకుంటుంది, వేళ్ళు కీబోర్డు మీదికి పోతాయి, ఆయన పోయిన నెల చేసిన తప్పు కూడా గుర్తుకు వస్తుంది. సరిగ్గా అక్కడ ఆగి, "నాకు ఉద్యోగం గురించి భయం వేసింది" అని మీలో మీరు స్పష్టంగా చెప్పుకోండి. ఇది వట్టి ఓదార్పు అనుకోవద్దు. భావాలను గుర్తించి సరిగా వాడుకోవడం ఒక సామర్థ్యమని పీటర్ సాలోవే, జాన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లోనే ప్రతిపాదించారు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగుతో చేసిన ప్రయోగంలో, బొమ్మలోని ముఖంలో కనిపించే భావానికి పేరు పెట్టినప్పుడు, భయం వంటి భావాలకు స్పందించే అమిగ్డలాలో చురుకుదనం తగ్గింది.

మన కర్నూలు, కడప, అనంతపురం వైపు మాట ముక్కుసూటిగా ఉంటుంది, అభిమానం ఎక్కువైనా గొంతు పెరుగుతుంది. మీటింగులో అదే గొంతు విన్న అమెరికన్ సహోద్యోగికి మీరు మండిపడుతున్నారనే అనిపించవచ్చు. అదే మనం పైవారి ముందు నోరు మెదపము, గడువులోగా పని కాదని తెలిసినా తల ఊపి వచ్చేస్తాము. ఈ సోదరుడి సమీక్షను దెబ్బతీసింది ఆ మౌనమేనని నా అనుమానం. "గురువారానికి పూర్తికాదు, డేటాబేసు దగ్గర చిక్కుపడింది, సోమవారం దాకా సమయం కావాలి" అని మంగళవారమే చెబితే చాలామంది మేనేజర్లు సర్దుకుంటారు. గురువారం సాయంత్రం చెబితే నమ్మకం పోతుంది. ఇక్కడ అసంతృప్తిని చిరునవ్వుతోనే చెబుతారు కాబట్టి, "కొంత మెరుగుపడాలి" అన్న మాట మెత్తగా వినిపించినా, ఏది, ఎప్పటిలోగా, ఎలా మారాలో వెంటనే అడిగి రాసుకోండి.

ఇంటి విషయం ఇంతకంటే సున్నితమైనది. కడపలోనో కర్నూలులోనో కాలేజీలో పాఠాలు చెప్పి సొంత జీతం తెచ్చుకున్న భార్య, హెచ్‌-1బి వారి కుటుంబానికి ఇచ్చే హెచ్‌-4 వీసా మీద ఇక్కడ పగలంతా అపార్టుమెంటులో ఒక్కతే ఉంటుంది. 2015 నుంచి కొందరు హెచ్‌-4 వారికి పని అనుమతి ఇస్తున్నా, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకు సాగనిదే అది దొరకదు. "ఈ రోజు కూడా ఇంత ఆలస్యమా?" అని ఆమె అన్నప్పుడు ట్రాఫిక్కు గురించి సంజాయిషీ మొదలుపెడితే గొడవ ఖాయం. "పొద్దున్నుంచి ఒక్కదానివే ఉన్నావు, విసుగు పుట్టింటుంది" అని పక్కన కూర్చోండి, ఆమె చెప్పేది సలహాలు అడ్డు వేయకుండా చివరిదాకా వినండి. ఆ తర్వాత మీ భయాన్ని కూడా చెప్పండి, ఎందుకంటే మీరు దాచిపెడితే ఆమె మీ చిరాకును మాత్రమే చూస్తుంది, అది తన మీదేనని అనుకుంటుంది. భార్య ఉద్యోగం మీద వచ్చి భర్త ఇంట్లో ఉన్న కుటుంబాలకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఇక నాన్నతో ఫోను. అమెరికా తూర్పు తీరంలో ఉంటే, వేసవిలో ఉదయం 8 గంటలకు కారులో ఆఫీసుకు పోతూ మీరు చేసే ఫోను ఆయనకు సాయంత్రం 5.30కు, చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే వేళకు మోగుతుంది. మీ మనసు అప్పటికే మీటింగులో ఉంటుంది. "బాగుండావా నాయనా?" "బాగుండాం లేప్పా, నువ్వు బాగుండావా?" అన్నంతలో ఆఫీసు వస్తుంది. చెనిక్కాయ (వేరుశనగ) విత్తే జూన్, జూలైలలో వాన ముఖం చాటేస్తే ఆయన గొంతులోనే ఆ సంగతి తెలుస్తుంది, కానీ వినడానికి తీరిక ఉండాలి. శుక్రవారం రాత్రి 9 గంటలకు, అంటే అక్కడ శనివారం తెల్లవారి 6.30కు, తీరిగ్గా ఫోను చేసి "పదునైందా? విత్తనం వేసినారా? బోరులో నీళ్ళుండాయా?" అని అడిగి చూడండి. పెద్దవారు "దిగులుగా ఉంది" అని నేరుగా చెప్పరు, చేను గురించి అడిగితే మాత్రం అన్నీ చెబుతారు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఉంటే ఇంట్లో మాట్లాడుకోవడంతోనే సరిపెట్టవద్దు. చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగులకూ కుటుంబ సభ్యులకూ ఉచితంగా, గోప్యంగా కౌన్సెలింగు కల్పిస్తాయి. ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు కలిగితే అమెరికాలో ఏ వేళనైనా 988 సహాయ నంబరుకు ఫోను చేయవచ్చు, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడేవారు ఉన్నారు.