మూడో తరగతి పిల్లవాడు 52 − 27 = 35 అని రాస్తున్నాడు, ఇంట్లో ఎలా సరిదిద్దాలి?

వాడిది అజాగ్రత్త కాదండీ. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీశాడు. పదుల దగ్గర 5లోంచి 2 తీస్తే 3. అందుకే 35. మళ్లీ పది లెక్కలు రాయిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది.

కొబ్బరి చీపురు పుల్లలు అగ్గిపుల్లంత ముక్కలుగా 60 విరవండి. రబ్బరు బ్యాండ్లతో పదేసి చొప్పున వాడిచేతే కట్టించండి. మీరు కట్టి ఇవ్వకండి, కట్టలో పది ఉన్నాయన్న నమ్మకం లెక్కపెట్టిన వేళ్లకే వస్తుంది. ఇప్పుడు 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. 27 ఇవ్వాలని చెప్పి, ముందు ఏడు ఇమ్మని అడగండి. రెండే ఉన్నాయని ఆగిపోతాడు. ఆగనివ్వండి, చెప్పేయొద్దు. కాసేపటికి తనే ఒక కట్ట విప్పుతాడు. విడివి పన్నెండు, అందులో ఏడు ఇస్తే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు ఇస్తే రెండు. మొత్తం 25.

నాలుగైదు రోజులు, రోజూ పావుగంట చాలు. ఆ తర్వాతే కట్ట విప్పిన ప్రతిసారీ పలకమీద 5 కొట్టేసి 4, ఒకట్ల మీద 12 రాయించండి. స్కూల్లో చెప్పే ‘అప్పు’ ఇదే. నిజానికి ఆ మాటే పిల్లల్ని తికమక పెడుతుంది, తిరిగి ఇచ్చేది ఏమీ లేదు కదా!

రైతు బజారుకు తీసుకెళ్తే చేతికి పది రూపాయల నోట్లు ఐదివ్వండి. 27 రూపాయల కూర కొంటే ఎంత మిగలాలో ముందే చెప్పించండి.

302 − 148 లాంటివి ఇప్పుడే వద్దు. మధ్యలో సున్నా ఉంటే రెండుసార్లు విప్పాలి.