ఇంగ్లండు పల్లెలో పూర్వీకుల జాడ

ప్రశ్న: మా కోడలు ఇంగ్లండు అమ్మాయి. ఆమె తాతగారి వైపు వారు సఫక్ కౌంటీలోని ఒక పల్లెలో తరతరాలుగా వ్యవసాయ కూలీలని ఇంట్లో చెప్పుకుంటారు. 1841 జనాభా లెక్కల వరకు ఆ కుటుంబం దొరికింది. అంతకు ముందరి తరాలను ఎలా వెతకాలి? చర్చి రిజిస్టరులో ఒక బాప్తిస్మం “ఫిబ్రవరి 1742/3” అని ఉంది. అది ఏ సంవత్సరం?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వెనక్కి వెళ్లే ముందు ఒక్క అడుగు ముందుకు వేసి, అదే మనిషిని 1851 లెక్కలలో వెతకమనండి. 1841లో పదిహేనేళ్లు దాటినవారి వయసును చాలావరకు ఐదు, పదుల లెక్కకు తగ్గించి రాశారు; పుట్టిన ఊరు రాయనే లేదు. 1851లో ఆ ఊరి పేరు ఉంటుంది. అది చాలాసార్లు పక్క ఊరవుతుంది.

జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది కనుక, అంతకు ముందు కాలానికి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి) చర్చి రిజిస్టర్లే ప్రధాన ఆధారం. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసి ఉంచాలని ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లోనే ఆదేశించాడు. పాత కాగితపు పుస్తకాలను తోలు పత్రాల మీదికి ఎక్కించమని 1598లో చెప్పినప్పుడు, ముఖ్యంగా 1558లో గద్దెనెక్కిన మొదటి ఎలిజబెత్ రాణి కాలం నుంచి అన్నారు. అందుకే చాలా ఊళ్ల రిజిస్టర్లు 1558తోనే మొదలవుతాయి. ఏటా బిషప్పుకు పంపిన నకళ్లు కూడా ఉంటాయి. అసలు పుస్తకం చెదలు తిన్నా, తడిసినా అవే దిక్కు.

1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చి తండ్రి వృత్తి, నివాసం తెలుస్తాయి. అంతకు ముందైతే “జాన్, విలియం మేరీల కొడుకు” అన్న ఒక్క ముక్కే దొరకవచ్చు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు విలియంలు ఉన్నప్పుడే వంశవృక్షం దారి తప్పుతుంది. పేరు కుదిరిందని సంతోషపడకుండా ఖననాల పుస్తకం కూడా తప్పక చూడాలి: మీరు పట్టుకున్న బిడ్డ రెండేళ్లకే కన్నుమూసి ఉంటే, మీ కోడలి పూర్వీకుడు ఆ జాన్ కాడు.

కూలీల కుటుంబానికి నేను అన్నిటికంటే విలువైనవిగా భావించేవి పేదల సహాయానికి సంబంధించిన పాత కాగితాలు. 1662 చట్టం ప్రకారం పేదవాణ్ణి పోషించే బాధ్యత అతని సొంత పారిష్‌దే కనుక, వేరే ఊళ్లో బతుకుతున్నవాడు పారిష్‌కు భారమవుతాడనిపిస్తే మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఏడాది పొడవునా జీతానికి ఉన్నావు, పెళ్లెప్పుడైంది, పిల్లలెందరు అని అడిగి రాసుకునేవారు. చదువురాని మనిషి చెప్పిన తన బతుకు కథ, కింద అతను పెట్టిన ఇంటూ గుర్తుతో సహా, ఒక్క కాగితంలో దొరుకుతుంది. ఇవి అన్ని ఊళ్లకూ మిగలలేదు గాని, ఇప్స్‌విచ్‌లోని సఫక్ ఆర్కైవ్స్‌లో మీ పల్లె పేరుతో తప్పక అడిగించండి.

ఇక తేదీ సంగతి. ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి “ఫిబ్రవరి 1742/3” అంటే మన లెక్కలో 1743 ఫిబ్రవరి. రెండో అంకె వేయకుండా ఉత్త 1742 అని రాసినచోటే చిక్కు. 1742 మే నెలలో పెళ్లయిన దంపతులకు “1742 ఫిబ్రవరి”లో బిడ్డకు బాప్తిస్మం అని కనిపిస్తే, పెళ్లికి ముందే పుట్టిన బిడ్డ అనుకుంటారు. నిజానికి అది పెళ్లయిన తొమ్మిది నెలలకు.

పెళ్లిళ్లు, ఖననాలు దొరికి, బాప్తిస్మాలు మాత్రం అసలే లేకపోతే, ఆ కుటుంబం అధికారిక చర్చిలో కాక బాప్టిస్టుల వంటి వేరే క్రైస్తవ సంఘానికి చెందినదేమో చూడండి. 1754 తరువాత క్వేకర్లు (అలాంటి మరో క్రైస్తవ సంఘం వారు), యూదులు తప్ప మిగిలినవారంతా ఊరి చర్చిలోనే పెళ్లి చేసుకోవలసి వచ్చేది కనుక పెళ్లి ఒకచోట, బిడ్డల పేర్లు మరోచోట ఉంటాయి. ఆ సంఘాల పాత రిజిస్టర్లలో చాలావాటిని ప్రభుత్వం సేకరించింది. అవి ఇప్పుడు లండన్‌లో, క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.