క్యాట్ పీకేసిన పాత స్విఫ్ట్, పొల్యూషన్‌లో ఫెయిల్... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, నాది హనుమకొండ. రెండేళ్ళ కింద హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 2011 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ కొన్నాను. ఆయన అప్పటికే సైలెన్సర్ మార్పించి, కోన్ ఫిల్టర్ పెట్టించి, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించి సెట్టింగులు కూడా మార్పించాడట. మొన్న పొల్యూషన్ చెక్ చేయిస్తే సీవో (కార్బన్ మోనాక్సైడ్) 2.1 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోల్) 460 పీపీఎం వచ్చి ఫెయిల్ అయింది. మెకానిక్ కిందికి దూరి చూసి "క్యాటలిటిక్ కన్వర్టరే లేదన్నా, ఉత్త పైపే ఉంది" అన్నాడు (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగమట, క్యాట్ అంటారట). ఇంకో చోటేమో బండి తేకపోయినా సర్టిఫికేట్ చేసిస్తామంటున్నారు. ఈ ఆగస్టుకి ఆర్సీకి పదిహేనేళ్ళు నిండుతాయి. మార్పులు చేయించింది నేను కాదు కదా, నాకేమన్నా ఇబ్బందా? ఆ సర్టిఫికేట్ తీసుకోవచ్చా?

జవాబు: చివరి దానికి ముందు చెప్తా, తీసుకోకండి. బండి చూడకుండా ఇచ్చే పొల్యూషన్ కాగితం అంటే అబద్ధపు సర్టిఫికేటే, అది తెలిసి వాడుకున్నా నేరమే, భారతీయ న్యాయ సంహితలో 234, 235 సెక్షన్లు ఇచ్చినవాడికీ వాడినవాడికీ ఉన్నాయి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది చలానాతో పోయే సమస్య, ఆ కాగితం కొంటే అది క్రిమినల్ కేసయ్యే సమస్య అవుతుంది, ఓ రెండు మూడొందలకి ఎందుకు చెప్పండి.

ఇక "నేను చేయించలేదు" అన్నది. ఇది సగం పనికొస్తుంది, సగం పనికి రాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు, 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా గట్టిగా ఇదే చెప్పింది. అదే సంవత్సరం చట్టం సవరించి 182ఏ(4) చేర్చారు, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించండి. అయితే ఆ సెక్షన్ మాటల్లో "మార్చిన ఓనర్" అని ఉంది కాబట్టి మార్చింది పాత ఓనర్ అని మీరు వాదించుకోవచ్చు, అందుకే ఆయనతో అప్పట్లో చేసిన వాట్సాప్ చాట్, అమ్మకానికి పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్ ఏదున్నా దాచండి.

కానీ అదే చట్టంలోని సెక్షన్ 190(2) దగ్గర ఈ వాదన నడవదు. అక్కడ ఎవరు మార్చారని అడగరు, గాలి కాలుష్యం ప్రమాణాలు దాటిన బండిని రోడ్డు మీద ఎవరు నడిపారు, ఎవరు నడపనిచ్చారు అనే చూస్తారు. మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్ పోతుంది. భయపడకండి, ఇది కాంపౌండ్ చేసుకునే నేరమే, రాష్ట్రం జీవోలో పెట్టిన మొత్తం కట్టేసి బయటపడొచ్చు, జైలుకెళ్ళినవాళ్ళని నేనైతే చూడలేదు. కానీ ఫెయిల్ అయిందని తెలిశాక కూడా తిప్పితే "నాకు తెలియదు సార్" అనే ఛాన్స్ మీకు లేదు.

ఇప్పుడు అసలు విషయం, పాస్ ఎలా అవుతుంది. ముందు మీ ఆర్సీలో ఎమిషన్ నార్మ్స్ అనే గడి చూడండి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లోనే బీఎస్-4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగోది) వచ్చింది, మిగతా దేశమంతా అప్పుడు బీఎస్-3, 2017 దాకా పూర్తిగా మారలేదు. అంటే అదే ఏడు వరంగల్‌లో రిజిస్టర్ అయిన స్విఫ్ట్ బీఎస్-3 అయి ఉండొచ్చు, మీది హైదరాబాద్ బండి కాబట్టి బీఎస్-4. తేడా చిన్నది కాదు. బీఎస్-3కి ఐడిల్‌లో సీవో 0.5 శాతం, హెచ్‌సీ 750 పీపీఎం దాకా ఒప్పుకుంటారు, బీఎస్-4కి 0.3, 200. పైగా ఇంజన్ని 2500 ఆర్‌పీఎం దగ్గర (200 అటూ ఇటూ) పట్టుకుని సీవో 0.2 లోపు, ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళ లెక్క, 1 అంటే సరిపాళ్ళు) 1కి 0.03 అటూ ఇటూ ఉందా అని చూస్తారు. అందుకే హెచ్‌సీ 460 అంటే బీఎస్-3 బండికి పాస్, మీ బండికి ఫెయిల్. సీవో 2.1 మాత్రం ఈ రెండింట్లో దేనికీ పాస్ కాదు.

క్యాట్ ఒక్కటి బిగిస్తే చాలనుకోకండి. పికప్ కోసం చేసే రీమ్యాప్‌లో తరచూ పెట్రోల్ ఎక్కువ పోసేలా పెడతారు, అప్పుడు ల్యాంబ్డా 1 కంటే కిందికి జారుతుంది, క్యాట్ ఎంత మంచిదైనా ఆ సీవోని తినలేదు. కాబట్టి ఈసీయూని స్టాక్ మ్యాప్‌కి (కంపెనీ సెట్టింగ్‌కి) తిప్పించండి, మామూలు ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పెట్టించండి, ఆక్సిజన్ సెన్సర్ దగ్గర ఏదైనా స్పేసర్ దూర్చారేమో చూడమనండి (చెక్ ఇంజన్ లైట్ వెలగకుండా చేసే దొంగపని అది), సైలెన్సర్ కూడా కంపెనీదే వేయించండి, లేకపోతే సౌండ్ గురించి వేరే చలానా. క్యాట్‌లో ప్లాటినం, పల్లాడియం లాంటివి ఉంటాయి గనక పాతది ఎప్పుడో స్క్రాప్‌లో అమ్ముకుని ఉంటారు, దాన్ని వెతకడం దండగ. కొత్తది బిల్లుతో కొనండి. టెస్ట్‌కి వెళ్ళేముందు ఓ ఇరవై నిమిషాలు బండి నడిపి వేడి మీద ఉండగానే చూపించండి, చల్లగా ఉంటే క్యాట్ పనిచేయదు.

ఫెయిల్ అయినప్పుడు ఇచ్చిన రిజెక్షన్ స్లిప్ పారేయలేదు కదా? 2021 జూన్ నుంచి దేశమంతా ఒకే ఫార్మాట్, ఫెయిల్ అయితే ఆ స్లిప్ ఇస్తారు, దాన్ని సర్వీస్‌కీ వాడొచ్చు, వేరే సెంటర్లో టెస్ట్‌కీ వాడొచ్చు. స్లిప్, దాని తర్వాత తేదీతో రిపేర్ బిల్లులు, ఆ తర్వాత పాసైన సర్టిఫికేట్, ఈ మూడూ ఒక ఫైల్లో ఉంటే రేపు ఎవరు అడిగినా మీరు బాగు చేయించుకున్న మనిషి అవుతారు.

ఆర్సీ గురించి. పదిహేనేళ్ళు నిండడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు, ఐదేళ్ళకి ఇస్తారు, కారుకి 5000 ఫీజు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యమైతే నెలకి 500 పడుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి చూస్తారు కాబట్టి ఈ పనులన్నీ జూన్ లోపే కానివ్వండి. పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కే అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కల సంగతి. పొల్యూషన్ లేకపోతే ఇన్సూరెన్స్ రెన్యువల్ కాదు అన్న 2017 నాటి ఆదేశాన్ని కూడా సుప్రీంకోర్టు 2024 జూలైలో వెనక్కి తీసుకుంది, కాబట్టి ఇన్సూరెన్స్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి.

పాత ఓనర్ మీద కేసంటారా, ఆయన డీలర్ కాదు, సొంత బండి అమ్ముకున్నాడు కాబట్టి వినియోగదారుల ఫోరంలో నిలబడదు, సివిల్ కోర్టుకే వెళ్ళాలి. సైలెన్సర్ మార్చిన సంగతి కొనేటప్పుడే మీకు తెలిసుంటే అదీ కష్టమే. క్యాట్ ఖర్చులో సగం ఇవ్వమని ఒకసారి ఫోన్ చేసి అడిగి చూడండి, ఇవ్వనంటే వదిలేయండి, కోర్టు ఫీజు, లాయర్ ఫీజు కలిపితే క్యాట్ కంటే ఎక్కువవుతుంది.