బొగ్గు కరెంటుతో నడిచే ఎలక్ట్రిక్ స్కూటర్ వల్ల ఉద్గారాలు నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయి, అయితే ప్రకటనలు సూచించినట్టు సున్నాకు చేరవు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, లీటరుకు 50 కిలోమీటర్లు తిరిగే స్కూటర్ 100 కిలోమీటర్లకు 4.6 కిలోలు వదులుతుంది. అదే దూరానికి ఎలక్ట్రిక్ స్కూటర్‌కు దాదాపు మూడు యూనిట్ల కరెంటు అవసరం; ఛార్జర్‌లోనూ సరఫరా తీగల్లోనూ పోయే నష్టాన్ని కలిపి నాలుగు యూనిట్లుగా లెక్కించినా, యూనిట్‌కు సుమారు 0.7 కిలోలనే జాతీయ సగటు ప్రకారం అది 2.8 కిలోలే అవుతుంది.

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనశక్తిలో అధిక భాగం వేడిగా వృథా కావడమే ఈ తేడాకు ప్రధాన కారణం. రామగుండం, సింహాద్రి వంటి థర్మల్ కేంద్రాలలోనూ బొగ్గు శక్తిలో సగానికి పైగా వేడిగానే పోతుంది. తేడా ఇంకా పెద్దది కాకపోవడానికి కారణం ఇదే, దీన్ని చాలామంది మరచిపోతారు. బ్యాటరీ తయారీలో వెలువడే ఉద్గారాలను కూడా ఖాతాలో వేయాలి కాబట్టి, వారానికి ఒకసారి బయటకు తీసే బండితో వచ్చే మేలు స్వల్పం. రోజంతా తిరిగే డెలివరీ బండితో, ఆటోతో వచ్చేది చాలా ఎక్కువ.

ఛార్జింగ్ వేళ కూడా ముఖ్యమే. కర్నూలు సోలార్ పార్కు లాంటివి పగలే విద్యుత్తును ఇస్తాయి గనుక, రాత్రి బదులు మధ్యాహ్నం ఛార్జ్ చేయగలిగితే, అందులో బొగ్గు వాటా సాధారణంగా తక్కువగా ఉంటుంది.