ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో పనిముట్లన్నీ కత్తెరల్లాగే కనిపిస్తున్నాయి, పేర్లు గుర్తుండాలంటే ఏం చేయాలి?

నర్సంపేట నుంచి వచ్చి హన్మకొండలో ఓటీ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న ఒక చెల్లె అడిగింది: "వచ్చే వారం నుంచి థియేటర్ పోస్టింగ్. ట్రాలీ మీదవన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. పేర్లు రాత్రి బట్టీ పడితే పొద్దున్నే మర్చిపోతున్నాను. సార్ అడిగింది ఇవ్వకపోతే తిడతారేమోనని టెన్షన్. ప్రాక్టీసుకి ఏమైనా కొనుక్కోవాలా?"

నేను 17 ఏళ్లుగా స్క్రబ్ నర్సుగా, అంటే సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించే నర్సుగా, ఇదే పని చేస్తున్నాను, వరంగల్‌లో కొన్నాళ్లు, హన్మకొండలో కొన్నాళ్లు. నీ టెన్షన్ కాస్త తగ్గాలంటే ముందు నా మొదటి రోజు సంగతి వినాలి. సర్జన్ గారు "బీపీ హ్యాండిల్ ఇవ్వమ్మా" అన్నారు. నేను పరుగున వెళ్లి బీపీ చూసే మిషన్ పట్టుకొచ్చాను. మత్తు డాక్టరు గారు మాస్కు వెనక నవ్వుతున్నారని ఆయన భుజాలు చూస్తేనే తెలిసిపోయింది. ఆ బీపీ వేరు. బార్డ్, పార్కర్ అని ఇద్దరి పేర్లు కలిపిన పేరది. బ్లేడు విప్పి కొత్తది పెట్టుకునే కత్తి పిడిని అలా అంటారు.

ఇక అసలు విషయం. పేర్లు బట్టీ పట్టొద్దు. పనిముట్టు మూతి చూడు. వేళ్లు దూర్చే రింగులు, మధ్యలో కీలు, కిందికొస్తే టక్కున పడి పట్టు వదలకుండా ఆపే రాట్చెట్ అనే గొళ్లెం, ఇవి చాలావాటికి ఒకేలా ఉంటాయి. పిడి చూసి గుర్తుపట్టాలంటే నాకు కూడా ఇప్పటికీ కష్టమే. మూతి మాత్రం అబద్ధం చెప్పదు. అది దేన్ని పట్టుకోవడానికి పుట్టిందో దాని పండ్లే చెప్తాయి.

మూతి లోపల అడ్డంగా గీతలుంటే అది ఆర్టరీ. రక్తం కారే నాళాన్ని పట్టి నొక్కి ఉంచుతుంది. గీతల వల్ల నాళం జారదు, రాట్చెట్ పడింది కాబట్టి చెయ్యి తీసేసినా పట్టు వదలదు. అందులోనే చిన్నది, సన్న మూతిది మస్కిటో. చివర్లో ఒకవైపు రెండు పండ్లు, ఎదురుగా ఒక పన్ను కనిపిస్తే కోకర్. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకున్న స్విస్ సర్జన్ పేరది. గట్టి కండరాన్ని, జారిపోయేదాన్ని అది పట్టినట్టు ఇంకేదీ పట్టదు. లేబర్ రూమ్‌లో ఉమ్మనీటి సంచి పగలగొట్టడానికి కూడా దాన్నే వాడటం చూస్తావు.

అందరూ తడబడేది ఎలిస్, బాబ్‌కాక్ అనే రెండు పట్టుకునే పనిముట్ల దగ్గరే. నేనూ అక్కడే దొరికిపోయాను. చేరిన నెలలోపే ఒక అపెండిక్స్ కేసు. సార్ బాబ్‌కాక్ అడిగితే ఎలిస్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పేగు దాకా తీసుకెళ్లి, ఆగి, నా వైపు చూశారు. తిట్టలేదు. "దీని మూతి నీ చిటికెన వేలికి పెట్టుకొని చూడు" అన్నారు. కేసు అయ్యాక పెట్టుకున్నాను. ఒక్క క్లిక్ వేసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలిస్ చివర సన్నని పండ్లు ఒకదానిలో ఒకటి దిగుతాయి. చర్మం కింద ఉండే గట్టి పొర లాంటి వాటికి అది సరే. పేగుకి పెడితే పండ్లు దిగిన చోట దెబ్బ తింటుంది. బాబ్‌కాక్‌కి పండ్లుండవు. మూతి దగ్గర కిటికీలా ఖాళీ ఉంటుంది, అంచు గుండ్రంగా ఉంటుంది. పేగును, అపెండిక్స్‌ను, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లో ట్యూబును మెత్తగా చుట్టి పట్టుకుంటుంది. ఆ రోజు నుంచి నేను ఆ రెండిటి పేర్లు మర్చిపోలేదు. నీ వేలికి కూడా పెట్టి చూసుకో, కాకపోతే మెల్లిగా.

నీడిల్ హోల్డర్ కూడా దూరం నుంచి ఆర్టరీలాగే ఉంటుంది. మూతి పొట్టిగా, పిడి పొడుగ్గా ఉంటుంది కాబట్టి పట్టు బలంగా పడుతుంది. లోపల గీతలు అడ్డంగా కాకుండా జల్లెడలా గళ్లు గళ్లుగా ఉంటాయి, సూది తిరగకుండా. రింగులు బంగారు రంగులో ఉంటే మూతిలో టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు అతికించారని గుర్తు, అవి తొందరగా అరగవు. సూదిని హోల్డర్ కొసన పట్టాలి. సూది మీద ఎక్కడంటే, దారం అతికిన చివర నుంచి దాదాపు మూడో వంతు దగ్గర. మరీ చివర పడితే అక్కడ లోపల బోలు కాబట్టి సూది వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. కుడిచేతి సర్జన్‌కి ఇచ్చేటప్పుడు సూది మొన ఆయన ఎడమ వైపుకి ఉండాలి. అప్పుడు ఆయన చూపు గాయం మీద నుంచి తీయకుండానే కుట్టు వేసేస్తారు.

కత్తెరల్లో రెండు తెలిస్తే చాలు. బలంగా, మందంగా ఉన్నది మేయో. గట్టి పొరలకి అది, దారాలకి మేయోలోనే తిన్నగా ఉండేది. సన్నగా, పిడి బాగా పొడుగ్గా, ముందు బ్లేడ్లు పొట్టిగా ఉన్నది మెట్జన్‌బామ్. నాజూకు కణజాలానికి మాత్రమే. దాంతో దారం కోస్తే సర్జన్‌కి కోపం ఎందుకొస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా అమ్మ కొత్తవాడలో ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది. బట్ట కోసే కత్తెరతో కాగితం కోశానని చిన్నప్పుడు వీపు మీద వేసిన దెబ్బ నాకింకా గుర్తుంది.

కత్తి గురించి కొంచెం. 3వ నంబరు పిడికి 10, 11, 12, 15 బ్లేడ్లు పడతాయి. 4వ నంబరు పిడికి 20, ఆపైవి పడతాయి. 11 మొనదేలి ఉంటుంది, చీము గడ్డకి గంటు పెట్టడానికి. 15 చిన్నది, సున్నితమైన చోట్లకి. పొట్ట మీద పెద్ద కోతకి మా దగ్గర ఎక్కువగా 22 వాడతారు. బ్లేడు ఎక్కించేది, తీసేది ఆర్టరీతోనే. వేళ్లతో ఎప్పుడూ వద్దు. సర్జన్‌కి నేరుగా చేతికి కాకుండా కిడ్నీ ట్రేలో పెట్టి ఇవ్వు. ఒకసారి నా గ్లవుజు చీల్చుకొని చూపుడు వేలు తెగింది. సూది గుచ్చుకున్నా, బ్లేడు తగిలినా వేలు పిండకు. వెంటనే సబ్బు, నీళ్లతో కడుగు, వెంటనే పైవాళ్లకి చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పోస్టింగ్‌కి ముందే మొదలుపెట్టు. ఇది అడగలేదు కదా అనుకోకు, అడగనివాళ్లకే ఎక్కువ కావాలి.

గ్లవుజులంటే గుర్తొచ్చింది. మన మస్కిటో ఆర్టరీకి తన పేరు తగిలించుకున్న హాల్‌స్టెడ్ అనే అమెరికా సర్జన్, 1890 ఆ ప్రాంతంలో రబ్బరు గ్లవుజులు చేయించింది తన కోసం కాదు. తన దగ్గర పనిచేసే నర్సు చేతులు మందు నీళ్లకి పుండ్లు పడుతుంటే ఆమె కోసం గుడ్‌ఇయర్ కంపెనీకి ఆర్డరిచ్చాడు. తర్వాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. థియేటర్లో మొదటి గ్లవుజులు నర్సువే అని మేము అప్పుడప్పుడూ సార్లకి గుర్తుచేస్తుంటాం.

రిట్రాక్టర్లు చూడగానే తెలిసిపోతాయి, గాయాన్ని తెరిచి పట్టే గరిటెలు. సిజేరియన్లో మూత్రాశయం అడ్డం రాకుండా పట్టే వెడల్పాటిది డోయన్. అదే సిజేరియన్లో గర్భసంచి కోత అంచుల్ని పట్టి రక్తం ఆపేది గ్రీన్ ఆర్మిటేజ్. మిగతావి చూస్తూ చూస్తూ వచ్చేస్తాయి.

దారాల దగ్గర అందరూ నంబర్లతో గజిబిజి పడతారు. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 1 అంటే లావు, 1-0 దానికంటే సన్నం, 2-0, 3-0 ఇంకా సన్నం. "వన్" అన్నారా, "వన్ జీరో" అన్నారా అని తేల్చుకోకుండా ప్యాకెట్ చించకు. ఒక్క ప్యాకెట్ వృథా అయినా బిల్లు పడేది పేషెంటు మీదే. రంగులతో గుర్తుపెట్టుకో. ఊదా రంగులో ఉన్నది వైక్రిల్. అది లోపలే కరిగిపోతుంది, పూర్తిగా పోవడానికి 56 నుంచి 70 రోజులు. నీలం దారం ప్రోలీన్, కరగదు. పొట్ట గోడ మూయడానికి ఎక్కువగా అదే తీస్తారు. నల్లది సిల్కు. క్యాట్‌గట్ అని పేరు విని పిల్లి పేగు అనుకునేదాన్ని. అది గొర్రె, పశువుల పేగు పొర నుంచి చేసేది. సూదుల్లో గుండ్రంగా ఉన్నది లోపలి మెత్తటి వాటికి, అంచు కోసేలా ఉన్న కటింగ్ సూది చర్మానికి. గుండ్రని సూదితో చర్మం కుట్టబోతే సర్జన్ చెయ్యి నొప్పి పుడుతుంది, ఆ నొప్పి మన మీదే తీర్చుకుంటారు.

పేర్ల కంటే నాకు ఎక్కువ భయం లెక్క. మా నాన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసేవాడు. మిర్చి బస్తాలు ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి, చీటీ మీద సంతకం ముందు మరోసారి లెక్కపెట్టేవాడు. థియేటర్లో కూడా మూడుసార్లే. కోత పెట్టకముందు, లోపల మూసే ముందు, చర్మం కుట్టే ముందు. మాపులు అంటే రక్తం అద్దే పెద్ద గుడ్డలు, చిన్న గాజ్ గుడ్డ ముక్కలు, సూదులు, పనిముట్లు, అన్నీ పైకి చదువుతూ. పొట్ట లోపలికి వెళ్లే మాపుకి తోక ఉంటుంది, దాన్ని బయటే ఉంచి ఆర్టరీ తగిలించాలి. చిన్న గాజ్ గుడ్డ ముక్కని విడిగా లోపల వేయనివ్వకు.

ఒక రాత్రి సిజేరియన్లో ఒక మాపు తక్కువొచ్చింది. గర్భసంచి కుట్టడం అయిపోయింది, పొట్ట మూయాలి. "సరిగా లెక్కపెట్టావా సిస్టర్?" అని మేడమ్ రెండుసార్లు అడిగారు. మూడోసారి నాకే అనుమానం వచ్చింది. బకెట్ తిరగేశాం, పేషెంటు మీద కప్పిన డ్రేపుల మడతలు విప్పాం, బల్ల కింద పాకాం. మేడమ్ పొట్ట లోపల మళ్లీ నాలుగు మూలలా వెతికారు. చివరికి ఆయమ్మకి గుర్తొచ్చింది, బిడ్డను తుడవడానికి అందిందేదో లాక్కున్నానని. మాపు పక్క గదిలో వార్మర్ మీద బిడ్డ టవల్లో చుట్టుకొని ఉంది. ఆ పది నిమిషాలు మేడమ్ ఒక్క మాట కూడా అనలేదు, మాపు కనపడ్డాక మాత్రం అందరినీ ఉతికారు. అప్పటి నుంచి లెక్క పూర్తయ్యే దాకా థియేటర్ నుంచి బిడ్డ తప్ప ఏదీ బయటికి పోనివ్వను. బిడ్డ టవల్ కూడా విప్పి చూసే పంపిస్తాను.

గుడ్డలు, పనిముట్లు పెట్టి క్రిములు చంపడానికి ఆవిరికి పంపే డబ్బా, అదే డ్రమ్ము, దాని సంగతి కూడా నీకే అప్పజెప్తారు. ఆటోక్లేవ్ అంటే పెద్ద కుక్కర్ అనుకో. 15 పౌండ్ల ప్రెషర్, 121 డిగ్రీలు, చుట్టి పెట్టిన సరుకుకి అరగంట. పనిముట్ల రాట్చెట్లు విప్పి పెట్టు, మూసి పెడితే కీలులోకి ఆవిరి సరిగా పోదు. డ్రమ్ములో సరుకు మరీ కుక్కి నింపకు. డ్రమ్ముకి అంటించే టేపు మీద చారలు నల్లబడితే వేడి తగిలిందని మాత్రమే అర్థం, లోపల క్రిములన్నీ చచ్చాయని కాదు.

అడగకముందే ఇవ్వడం ఎలా అని రెండో నెలలో నువ్వే అడుగుతావు. సర్జన్ చెయ్యి చూడాలి. పెన్ను పట్టినట్టు పెడితే కత్తి. రెండు వేళ్లు ఆడిస్తే కత్తెర. బొటనవేలు, చూపుడు వేలు గిల్లినట్టు కలిపితే పండ్ల చిమ్టా. తాళం తిప్పినట్టు మణికట్టు తిప్పితే నీడిల్ హోల్డర్. ఇచ్చేటప్పుడు పిడి అరచేతిలో తగిలినట్టు పెట్టు, మెల్లిగా పెడితే జారిపోతుంది. వినపడకపోతే మళ్లీ అడుగు. తప్పు పనిముట్టు ఇచ్చి తిట్టించుకోవడం కంటే "ఏంటి సార్?" అని తిట్టించుకోవడం నయం.

మొదటి రోజు తినకుండా వెళ్లకు. ఖాళీ కడుపుతో, మాస్కుతో, కరెంటుతో కాల్చి రక్తం ఆపే కాటరీ పొగ వాసనకి చాలామంది కళ్లు తిరిగి పడిపోతారు. తల తిరుగుతున్నట్టుంటే ట్రాలీ వైపు కాకుండా గోడ వైపు జరిగి కూర్చో.

ప్రాక్టీసుకి సెట్ మొత్తం కొనకు, డబ్బు దండగ. సర్జికల్ షాపులో ఆరంగుళాల ఆర్టరీ ఒకటి, నీడిల్ హోల్డర్ ఒకటి తీసుకో. కొనే ముందు ఆర్టరీని ఒక్క క్లిక్ వేసి వెలుతురుకి పెట్టి చూడు, మూతి కొసన సందు కనిపించకూడదు. రింగుల్లో బొటనవేలు, ఉంగరం వేలు మొదటి కణుపు వరకే దూర్చు, చూపుడు వేలు కీలు మీద ఆనించు. రాట్చెట్ ఎడమ చేత్తో విప్పడం వచ్చేదాకా టీవీ చూస్తూ విప్పుతూనే ఉండు. కుట్లకి అరటి తొక్క చాలు.

నేను అలా కొన్న ఆర్టరీ ఇప్పుడు మా అమ్మ దగ్గరుంది. లంగాలకి నాడా ఎక్కించడానికి వాడుతోంది. పదిహేడేళ్లయినా రాట్చెట్ టక్కున పడుతుంది.