సోపతి అనే మాట గురించి

తమ్ముడూ,

పోటీకని రాసిన నీ కథ చదివాను. మొదటి పేజీలోనే నర్సయ్యను మల్లేశానికి 'ప్రాణస్నేహితుడు' అన్నావు. రెండో పేజీలో మళ్లీ అదే. అక్కడే కాగితాలు పక్కన పెట్టేద్దామనుకున్నాను. పెట్టకపోవడం మంచిదయింది. మల్లేశం దుబాయి వీసా కోసం అప్పు తీసుకుంటుంటే నర్సయ్య వడ్డీ ఎంతని కూడా అడక్కుండా జామీను సంతకం పెట్టి, ఇంటికొచ్చి పెళ్లాంతో ఆ ముచ్చటే ఎత్తకుండా పడుకుంటాడు చూడు, అది చదివాక చాలాసేపు లేవలేకపోయాను.

అలాంటి సంతకం ఉన్న కథకు ప్రాణస్నేహితుడనే మాటతో పనేముంది? మిత్రుడి గురించి ఏనుగు లక్ష్మణకవి పద్యం బడిలో చదివే ఉంటావు. చెడు నుంచి మళ్లిస్తాడు, రహస్యం దాస్తాడు, ఆపదలో విడిచిపెట్టడు, లేనప్పుడు ఇస్తాడు. అన్నీ చేసే పనులే. ప్రేమ ఎంతుందో చెప్పే ముక్క ఒక్కటీ లేదు.

అయినా మాట కావాల్సిందే అంటావా, ఆ మనుషుల ఊరి మాటే పెట్టు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. మీ జగిత్యాల వైపు అది సోపతి. ఉర్దూ సోహబత్ మన నోళ్లలో పడి ఇలా అయింది, కలిసి తిరగడమని అర్థం. 'వాడు నా సోపతి' అని గర్వంగా చెప్పుకునేదీ, 'వాని సోపతి వద్దు బిడ్డా' అని తల్లి భయపడేదీ ఈ మాటతోనే. ఆంధ్ర వైపు సావాసం కూడా అంతే. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని అందుకే అంటారు. ప్రాణస్నేహితుడులో ఆ భయం ఎక్కడుంది? జామీను సంగతి బయటపడ్డాక నర్సయ్య పెళ్లాం 'నీ సోపతిగాడు' అని ఎత్తిపొడిచే సీను ఒకటి రాసి చూడు.

నా తొలి కథల్లో ఒకటి బీడీలు చేసే ఇద్దరు ఆడవాళ్ల గురించి. దాన్ని వేసుకున్న వారపత్రిక సంపాదకుడు సోపతి ఉన్నచోటల్లా 'నెచ్చెలి' అని మార్చాడు. అడిగితే పాఠకులకు అర్థం కాదన్నాడు. తునికాకు కత్తిరిస్తూ నెచ్చెలీ అని ఎవరు పిలుచుకుంటారు? ఆ కోపం నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు ఫ్యాషన్ తిరగబడింది. యాస కనబడాలని వాక్యానికో దోస్తు, కాకా చల్లి పోటీలకు పంపుతున్నారు. అదీ అంతే అబద్ధం.

ఇక బస్టాండు సీను. 'మిత్రమా, జాగ్రత్త' అంటాడా నర్సయ్య? ఆరోగ్యశ్రీ ఆస్పత్రిలో కాగితాలు చూసే ఉద్యోగికి ఆరోగ్యమిత్ర అని పేరు పెట్టాక మిత్ర అనేది ఆఫీసు మాటైపోయింది. ఎదురుగా ఉన్నవాడిని సోపతీ అని కూడా పిలవరు. పక్కన నిలబడ్డవాళ్లతో 'మా సోపతి దుబాయి పోతుండు' అంటాడు, మల్లేశంతో 'పైలం రా' అంటాడు. అక్కడ అంతకుమించి ఒక్క మాట వద్దు.

ఆ పేజీలు తిరగరాసి పంపు. పోటీ సంగతి తర్వాత చూద్దాం.