మంచుకొండ దారి మూసుకుపోయే రోజును లెక్కలో వేసుకోండి

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం స్కీయింగ్ యాత్రల గురించినవే. అందులోనూ ఊళ్లకు దూరంగా, ఒకే రోడ్డో ఒకే రైలో ఆధారంగా ఉన్న కొండ రిసార్టులకు వెళ్లదలచినవారే ఎక్కువమంది రాశారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేము ఆరుగురు మిత్రులం. ఇద్దరికి స్కీయింగ్ బాగా వచ్చు, ఇద్దరు ఒకసారి నేర్చుకుని వదిలేశారు, మిగిలిన ఇద్దరం మంచును దగ్గర నుంచి చూసింది కూడా లేదు. ఒక మారుమూల కొండ రిసార్టుకు వెళ్లాలనుకుంటున్నాం. అక్కడికి ఉన్నది ఒక్కటే ఘాట్ రోడ్డు. అందరికీ కలిసివచ్చిన సెలవు ఏడు రోజులు. రానుపోను రెండు రోజులు పోగా, మిగిలిన ఐదు రోజులకూ లిఫ్ట్ పాసులు (వాలు పైకి చేర్చే లిఫ్టులు ఎక్కడానికి టికెట్లు) ముందే కొనేస్తే చవక అని ఒకరంటున్నారు. ఏడో రోజు పొద్దున కొండ దిగితే రాత్రి విమానం అందుతుంది. ఈ ప్రణాళికలో లోపమేమైనా ఉందా?

జవాబు: మీ ప్రణాళికలో బలహీనమైన ముడి ఆ రాత్రి విమానం. స్కీయింగ్ చేసేవారు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే తాజా మంచును తెచ్చేదీ, కొండ రోడ్డును మూయించేదీ ఒకే తుఫాను. రాత్రంతా మంచు కురిస్తే తెల్లవారేసరికి వాలులన్నీ మెత్తగా, ముచ్చటగా తయారవుతాయి. కానీ రోడ్డుకు పైనున్న వాలుల మీద పేరుకున్న మంచు ఎప్పుడు జారిపడుతుందో తెలియదు కనుక అధికారులు రాకపోకలు ఆపేస్తారు. పేలుళ్లతో ఆ మంచును ముందుగానే కిందికి జార్చి, రోడ్డు మీద పడినదాన్ని యంత్రాలతో తొలగించి, మళ్లీ వాహనాలను వదలడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, రెండు మూడు రోజులైనా పట్టవచ్చు. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు రైలు ఉంది, దశాబ్దాల అనుభవం ఉన్న యంత్రాంగం ఉంది. అయినా 2018 జనవరిలో రోడ్డూ రైలు మార్గమూ రెండూ తెగిపోయి దాదాపు 13,000 మంది పర్యాటకులు అక్కడే చిక్కుకుపోయారు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఆల్టాలోనైతే, మంచుచరియల ప్రమాదం ముదిరినప్పుడు భవనం వదిలి బయట అడుగుపెట్టడమే నిషిద్ధం. అక్కడివారు దీన్ని ‘ఇంటర్‌లాడ్జ్’ అంటారు. అలాంటి రోజున జేబులో లిఫ్ట్ పాసు ఉన్నా, గుమ్మంలో స్కీలు ఉన్నా కిటికీలోంచి చూస్తూ కూర్చోవలసిందే.

అందువల్ల ఐదు రోజుల స్కీయింగ్‌ను నాలుగుకు తగ్గించి, ఆరో రోజునే కొండ దిగి, విమానాశ్రయానికి దగ్గరలోని ఊళ్లో ఆ రాత్రి గడపండి. రోడ్డు మూసుకుపోతే ఆ ఒక్క రోజు మిమ్మల్ని ఆదుకుంటుంది, మూసుకోకపోతే ఒళ్లు నొప్పులు తీరడానికి పనికి వస్తుంది. లిఫ్ట్ పాసుల విషయంలో మీ మిత్రుని సలహా సగమే సరైనది. ముందుగా కొంటే సాధారణంగా ధర తగ్గుతుంది, నిజమే; అయితే వరుసగా ఐదు రోజులకు చెల్లే పాసు ఒక్క రోజు గాలి వీచి లిఫ్టులు ఆగినా ఆ మేరకు వృథా అవుతుంది. ఏడు రోజుల్లో ఏవైనా నాలుగు రోజులు వాడుకునే పాసు దొరికితే దాన్నే తీసుకోండి. గాలికి లిఫ్టులు ఆగిన రోజు డబ్బు వాపసు ఇస్తారా అన్నది కొనకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. చాలామంది మంచు ఎంత పడుతుందో అడుగుతారు కానీ గాలి గురించి అడగరు. ఎత్తైన శిఖరాల మీదికి వెళ్లే గొండోలాలు (తీగ మీద వేలాడుతూ సాగే మూసిన పెట్టెలు), కుర్చీ లిఫ్టులు ఆగిపోవడానికి చాలాసార్లు గాలే కారణం.

రోజువారీ వేసుకునే మందులు సెలవు రోజులకు మించి మరో నాలుగు రోజులకు సరిపడా దగ్గర ఉంచుకోండి. మారుమూల రిసార్టులో మందుల దుకాణం ఉంటుందన్న నమ్మకం వద్దు. సొంతంగా కారు నడిపేట్టయితే చక్రాలకు గొలుసులు బిగించడం ఇంటి దగ్గరే ఒకసారి సాధన చేయండి, ఎందుకంటే ఘాట్ రోడ్డు మలుపులో చీకటివేళ ఆ విద్య మొదటిసారి అలవడదు. కారు మంచులో కూరుకుపోయి లోపలే ఉండవలసి వస్తే, హీటరు కోసం ఇంజను వేసే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి; అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరి ప్రాణాలు తీస్తుంది.

నెల ఎంపిక ఆ ప్రదేశాన్ని బట్టి ఉంటుంది. చిలీలోని పోర్టిల్లో వంటి దక్షిణార్ధగోళపు రిసార్టులలో స్కీయింగ్ జూన్ నుంచి సుమారు అక్టోబరు దాకా సాగుతుంది. స్వీడన్ ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయానికి అవతల ఉన్న రిక్స్‌గ్రాన్సెన్‌లో నడి శీతాకాలపు చీకటి తగ్గాక, ఫిబ్రవరిలో గానీ సీజను మొదలవదు. ఎక్కడికి వెళ్లినా సీజను తొలివారాలను నమ్ముకోకపోవడం మంచిది; రాళ్లను కప్పేంత మంచు అప్పటికి పేరుకుని ఉండకపోవచ్చు.

ఇక మీ ఆరుగురి సంగతి. రిసార్టును ఎంచుకునేటప్పుడు మంచును చూడని ఆ ఇద్దరిని దృష్టిలో పెట్టుకోవాలని మా సలహా. ఆరితేరినవారు సులువైన వాలు మీద కూడా సంతోషంగా గడపగలరు. కొత్తవారు కష్టమైన వాలు మీద గడపలేరు, వారు భయపడి గదిలో కూర్చుంటే మిగిలిన నలుగురి సెలవూ చెడుతుంది. యూరప్‌లో వాలులకు ఆకుపచ్చ (ఇది కొన్ని దేశాల్లోనే), నీలం, ఎరుపు, నలుపు రంగులు క్రమంగా పెరిగే కష్టాన్ని సూచిస్తాయి. ఉత్తర అమెరికాలో ఎరుపు లేదు. ఆకుపచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల వజ్రం గుర్తులు వాడతారు. ఈ గుర్తులు ఆ రిసార్టులోని వాలులను ఒకదానితో ఒకటి పోల్చడానికే పనికి వస్తాయి కనుక, ఒకచోట నీలంలో తేలికగా జారినవారు మరోచోట నీలంలో బెదిరిపోవచ్చు. గుల్మార్గ్‌లో గొండోలా రెండో దశ దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది; ఆ పైభాగం యంత్రాలతో చదును చేసిన వాలు కాదు, నేర్చుకునేవారి చోటు అంతకంటే కాదు. మారుమూల చోట్ల శిక్షకులు కొద్దిమందే ఉంటారు, కనుక గది ఖాయం చేసుకునే రోజునే శిక్షకుణ్ణి కూడా ఖాయం చేసుకోండి.

ప్రశ్న: నా వయసు 61. రక్తపోటు ఉంది, మందులతో అదుపులో ఉంటోంది. పిల్లలతో కలిసి వెళుతున్న రిసార్టు 2,900 మీటర్ల ఎత్తున ఉంది, లిఫ్టు ఇంకా 900 మీటర్లు పైకి తీసుకువెళుతుంది. నేను స్కీయింగ్ చేయను, చూడటానికి వెళుతున్నాను. భయపడవలసింది ఏమైనా ఉందా?

జవాబు: భయం అవసరం లేదు, తొందర మాత్రం పనికిరాదు. 3,000 మీటర్ల ఎత్తున ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందే దానిలో సుమారు 70 శాతమే. కాలినడకన అంత ఎత్తు ఎక్కేవారికి శరీరం అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది; గొండోలా ఆ వ్యవధిని కొన్ని నిమిషాలకు కుదించివేస్తుంది. ఎత్తు వల్ల కలిగే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటినచోట, చేరిన కొన్ని గంటల తరువాత మొదలవుతుంది: తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం. పగలు ఎంత ఎత్తుకు వెళ్లామన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తున పడుకున్నామన్నది ఎక్కువ ముఖ్యం. అందువల్ల దారిలో 1,500, 2,000 మీటర్ల మధ్య ఏదైనా ఊళ్లో ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఆగండి. పైకి చేరిన తొలి రెండు రోజులూ ఆ లిఫ్టు జోలికి వెళ్లకుండా ఉండటం, మద్యానికీ నిద్రమాత్రలకూ దూరంగా ఉండటం మేలు.

తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్లకూడదు. విశ్రాంతిగా ఉన్నా ఆయాసం రావడం, అడుగులు తడబడటం, మాట గందరగోళంగా ఉండటం కనిపిస్తే వెంటనే కిందికి దించాలి. మొదటి జవాబులోని రోడ్డు సమస్య మీకు ఇంకా ఎక్కువ వర్తించేది ఇక్కడే: తుఫాను రాత్రి కిందికి దిగే దారి ఉండదు. కనుక రిసార్టులో వైద్యుడూ ఆక్సిజన్ సిలిండర్లూ ఉన్నాయా అని ముందుగా కనుక్కోండి. లేవంటే ఇంకొంచెం తక్కువ ఎత్తులో బస చూసుకోండి. ఎత్తు వల్ల కలిగే అస్వస్థతకు ముందుజాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ అనే మందు మీకు సరిపడుతుందా, రక్తపోటు మాత్రల మోతాదు మార్చాలా అన్నవి మీ వైద్యులే చెప్పాలి. సల్ఫా మందులు పడకపోతే ఆ మాట తప్పక వారికి చెప్పండి.

ప్రశ్న: స్కీలు, బూట్లు కొనుక్కోవాలా, అద్దెకు తీసుకోవాలా? నాకు కళ్లద్దాలు కూడా ఉన్నాయి.

జవాబు: మొదటి యాత్రకు అన్నీ అద్దెకే తీసుకోండి. ఆ తరువాత ఏదైనా కొనాలనిపిస్తే ముందు బూట్లు కొనండి, విమానంలో వాటిని చేతిసామానుగా తీసుకువెళ్లండి. స్కీలు ఎక్కడైనా అద్దెకు దొరుకుతాయి కానీ, కాలికి అమరిన బూటు పోతే సెలవు పోయినట్టే. నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు గోడకు కొద్దిగా తాకాలి, మోకాళ్లు ముందుకు వంచితే వెనక్కి జరగాలి. రెండు జతల మేజోళ్లు వేసుకోవద్దు, ఒక్క జతే చాలు. ఒంటిని అంటుకుని ఉండే దుస్తులలో నూలు వద్దు. చెమటకు తడిసి ఆరదు, చలి ఎక్కుతుంది.

అద్దె దుకాణంలో ఎత్తు, బరువు, వయసు, నైపుణ్యం అడుగుతారు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత ఒత్తిడికి విడివడాలో వాటిని బట్టే బిగిస్తారు. మొహమాటానికి బరువు తగ్గించి చెప్పేవారూ, గొప్పకు నైపుణ్యం పెంచి చెప్పేవారూ ఉన్నారు. మొదటివారి స్కీ అక్కరలేనప్పుడు ఊడుతుంది, రెండోవారిది పడినప్పుడు ఊడక మోకాలిని మెలిపెడుతుంది. మీ వంటివారి కోసం కళ్లద్దాల మీద పెట్టుకునే వెడల్పాటి గాగుల్స్ ఉన్నాయి. తాజా మంచు అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిరగగొట్టగలదు కనుక మబ్బు రోజున కూడా అవి తీయవద్దు.

ప్రశ్న: లిఫ్టు దిగాక హద్దు తాడుకు అవతల అప్పటికే ఎవరో జారిన జాడలు కనిపిస్తుంటాయి. వారు క్షేమంగా వెళ్లినచోట మేమూ వెళ్లవచ్చు కదా?

జవాబు: ఆ జాడ చెప్పేది ఒక్కటే, వారు వెళ్లినప్పుడు మంచు జారలేదని. మంచుపొర ఒక్కోచోట ఒక్కో మందంలో ఉంటుంది. పది మందిని మోసిన వాలు పదకొండో మనిషి పలచని చోట కాలుపెట్టినప్పుడు తెగవచ్చు. ప్రాణాలు తీసే మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే విరుగుతాయి, చక్కగా జారడానికి మనసు లాగేదీ సరిగ్గా అలాంటి వాలే. మంచుచరియల ప్రమాద సూచిక 1 నుంచి 5 దాకా ఉంటుంది, మూడును చూసి ‘మధ్యస్థమే కదా’ అనుకుంటారు. ఐదున్న రోజున ఎవరూ బయటికి రారు. మూడున్న రోజున వస్తారు, మరణాలలో పెద్ద వాటా ఆ రోజులదే.

మంచు కింద పూడిపోయినవారిని మొదటి 10 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట దాటితే ముగ్గురే. మారుమూల కొండకు బయటి సహాయం అరగంటలో రాదు, తుఫానులో హెలికాప్టరు ఎగరదు. కనుక మిమ్మల్ని తవ్వి తీయవలసింది మీ పక్కనున్నవారే. 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌సీవర్ (పూడిపోయినవారి జాడ తెలిపే రేడియో సంకేతాల పరికరం), మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార, ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాటితో వెతకడం నేర్చుకుని ఉండాలి, స్థానిక గైడు వెంట ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా తాడుకు ఇవతలే ఉండండి.

బీమా పత్రం కూడా ఒకసారి తీసి చూడండి. హద్దు దాటిన స్కీయింగ్‌కు వర్తించనివి కొన్ని, గైడు ఉంటేనే వర్తించేవి కొన్ని, ఫలానా ఎత్తు దాటితే చెల్లనివి కొన్ని ఉంటాయి. హెలికాప్టరు ఖర్చు, రోడ్డు మూసుకుపోయి అదనంగా ఉండవలసిన రాత్రుల ఖర్చు అందులో ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే చదివి నిర్ధారించుకోండి.